కళ్లు తెరవని పోస్టరు

మా మామ ఇల్లు విడిచి వెళ్లిపోవడానికి కారణం ఒక కోడి. నేను కాదు. చేర్యాలలో ఈ మాట ఎవరూ నమ్మరు కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

మాది నకాషీల ఇల్లు. మామ పేరు వీరేశం. గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి ఇంగిలీకం పూసి, దాని మీద కులపురాణాలన్నీ బొమ్మలుగా వేసే మనిషి. ఆ పటాలు చుట్టి భుజాన వేసుకుని ఊరూరా కథ చెప్పుకునేవాళ్లు ఒకప్పుడు మా గుమ్మం ముందు వరుస కట్టేవారట. ఇప్పుడు వరుస కట్టేది నా కోసం. ముందు గదిలో నా కంప్యూటరు, ప్రింటరు ఉన్నాయి. పెళ్లి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, హోటళ్ల పోస్టర్లు అన్నీ నేనే చేస్తాను. వెనక గదిలో మామ, ముందు గదిలో నేను, మధ్యలో గడప. ఆ గడప మీద మా ఆయన ఉపేందర్. ఎవరి పక్క మాట్లాడాలో తేల్చుకోలేక ఆయన సగం జీవితం అక్కడే నిలబడి గడిపాడు.

నాది జనగామ. మా నాన్న షాపులకు బోర్డులు రాసేవాడు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నేను నేర్చుకోని పని లేదు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తాను. గుడ్డకు సుద్ద పట్టిస్తాను. అంచుకు పూలతీగ వేస్తాను, రంగులు నింపుతాను. ఒక్కటి మాత్రం నన్ను ముట్టనివ్వరు. కళ్లు.

పటం మొత్తం అయిపోయాక, అది చేయించుకున్నవాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాక, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు ఇంటి పెద్ద ఒక్కొక్క బొమ్మకు కళ్లు తెరుస్తాడు. అప్పటిదాకా అది గుడ్డ. ఆ తర్వాత దాన్ని కాలికి తగలనివ్వరు. ప్రతి పటానికీ నేను అడిగేదాన్ని.

“మామా, ఈసారన్న ఒక్క చిన్న బొమ్మకు తెరవనియ్యి. మనిషికి వద్దు. గొర్రెకు.”

“గొర్రె చూసుడు గూడ చూసుడే పిల్లా. నీకింక చెయ్యి కుదరలే.”

పన్నెండేళ్లుగా కుదరని చెయ్యి అది. ఈ చేత్తోనే ఫ్లెక్సీల మీద ఎంతమంది నాయకుల కళ్ల కింద సంచులు తీసేశానో లెక్కలేదు. వాళ్ల భార్యలు నాకు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. మామకు మాత్రం నా చెయ్యి ఇంకా కుదరలేదు.

ఇక కోడి సంగతి. హైదరాబాదులో కొత్తగా పెట్టిన నాటుకోడి హోటలు వాళ్లు పోస్టరు కావాలన్నారు. చేర్యాల బొమ్మలతోనే కావాలన్నారు. అప్పటికి వెనక గదిలో గౌడుల పురాణం పటం ఒకటి సిద్ధంగా ఉంది. దాన్ని తీసుకెళ్లాల్సిన కథకుడు జంగయ్య జాతర్లలో పడి రాలేదు, అందుకని దానికి కళ్లు తెరవలేదు. మామ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించాను. హోటలు పేరు కుడి పక్కకు రావాలన్నారు కాబట్టి కల్లు గీసే గౌడన్నను అటు నుంచి ఇటు తిప్పాను. నడుమ ఒక పెద్ద కోడిని నిలబెట్టాను. కళ్లు లేని బొమ్మలు పంపితే హోటలు వాళ్లు ఊరుకోరు. ఒక కన్ను గీశాను. ముచ్చటగా వచ్చింది. దాన్నే కాపీ చేసి అందరికీ అతికించాను, మనుషులకు, ఎడ్లకు, తాటిచెట్టు మీది చిలకకు కూడా.

హోటలు వాళ్లు సంబరపడి ఆ పోస్టరును బస్సుల వెనక వేయించారు. వాటిలో ఒక బస్సు చేర్యాల మీదుగా పోతుందని నాకెలా తెలుస్తుంది.

మామ బస్టాండులో ఛాయ తాగుతుండగా అది వచ్చి ఆయన ముందే ఆగింది. మళ్లీ జనగామ వైపు కదిలినప్పుడు మామ దాని వెనక కొంతదూరం వెళ్లాడట. పరిగెత్తాడని చూసినవాళ్లు చెబుతారు. మామ పరిగెత్తడం ఈ ఊళ్లో ఎవరూ ఎరగరు కాబట్టి నేను నమ్మను. ఇంటికి మాత్రం వగరుస్తూనే వచ్చాడు.

“ప్రమీలా, గౌడన్న ఎడమచేత్తోని కత్తి పట్టుకున్నడు.”

“హోటల్ పేరు కుడిపక్కకు రావాలన్నరు మామా. అందుకే తిప్పిన.”

“తిప్పినవ్. మంచిది. తాటిచెట్టు మీద ఎడమచేత్తోని గీస్తె యాడ పడ్తడో గూడ గీయకపోయినవ్.” ఆయన కుర్చీలో కూర్చోలేదు. “ఇగ కండ్లు. అందరికి ఒకటే కన్ను పెట్టినవ్.”

“మంచిగనే ఉన్నది గద.”

“మంచిగనే ఉన్నది. ఆ కన్ను మనిషిదా, కోడిదా?”

నిజానికి దాన్ని ముందు గీసింది కోడి కోసమే.

“కోడిదే మామా.”

“అందరు కోడి చూపే చూస్తున్నరు. తల్లి పిల్లను చూసుడు కోడి లెక్కనే. మొగడు పెండ్లాన్ని చూసుడు కోడి లెక్కనే.”

వంటింట్లోంచి మా అత్త కనకవ్వ గొంతు వినబడింది. “గది మాత్రం కరెక్టే గీసింది.”

ఆ మాటతో ఉన్న కాస్తా చెడింది. మామ వెనక గదిలోకి వెళ్లి కుంచెలు కడిగి డబ్బాలో పెట్టుకున్నాడు. రంగుల చిప్పలు మూటగట్టాడు. ఫోన్ చార్జింగుకు పెట్టి ఉంది, దాన్ని అలాగే వదిలేశాడు. “పటం తీస్కపోయెటోడు రాకముందే కండ్లు తెరిసినవ్. అది గూడ మిషిన్లతోని. ఈ ఇంట్ల కండ్లు తెరిసేది ఇగ కంప్యూటరే అయితే నేనెందుకు?” అని తువ్వాల భుజాన వేసుకున్నాడు. ఉపేందర్ గడప మీద నుంచి అటు తిరిగి “బాపూ” అన్నాడు, ఇటు తిరిగి “ప్రమీలా” అన్నాడు. అంతలో మామ సందు దాటేశాడు.

సాయంత్రానికి వస్తాడనుకున్నాం. ఏడాదికోసారి ఆయన అలగడం మామూలే, బస్టాండు దాకా వెళ్లి రెండు ఛాయలు తాగి వచ్చేస్తాడు. ఈసారి రాలేదు. సిద్దిపేటలో చెల్లెలింట్లో లేడు. జంగయ్య ఇంటికి తాళం ఉంది. “కడుపు కాలితె ఆయనే వస్తడు” అని మొదటి రోజు నవ్విన అత్త, మూడో రోజు మామ కంచంలో బువ్వ పెట్టి, దాని ముందు తినకుండా కూర్చుంది. అల్మారాలో బీపీ గోళీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆయన మీద కోపం ఎటు పోయిందో తెలియదు.

ఠాణాకు వెళ్లాం. కానిస్టేబుల్ ఫోటో అడిగాడు. ఇచ్చాను.

“ఇదేందమ్మా, పండుకున్న మనిషి ఫోటో ఇచ్చినవ్?”

“పండుకోలే సార్. ఫోటో తీసేటప్పుడు కండ్లు మూసుకుంటడు.”

“ఇంకోటియ్యి.”

ఇంకోటి ఇచ్చాను. అందులోనూ మూసే ఉన్నాయి. మా పెళ్లి ఫోటోల్లో మూసే ఉన్నాయి. కలెక్టరు శాలువా కప్పుతున్న ఫోటోలో కలెక్టరు నవ్వుతున్నాడు, మామ నిద్రపోతున్నాడు. ఆధార్ కార్డులో మాత్రం తెరిచాడు. దాన్ని చూపిస్తే కానిస్టేబుల్ చాలాసేపు పరీక్షగా చూశాడు.

“ఈయన మీద పాత కేసులేమన్న ఉన్నయా?”

బయటికి వచ్చాక అత్త నా మీద విరుచుకుపడింది. “బొమ్మలు గీసే ఇంట్ల ఉండి ఫోటోలు పట్టుకొని తిరుగుతున్నం. నువ్వే గీయరాదు?”

బొమ్మ గీయడానికి ఆ రోజు కంప్యూటరు తెరవలేదు. మామ కూర్చునే చోటే కూర్చుని, కాగితం మీద చేత్తోనే గీశాను. వెనక ఎర్రటి రంగు, చుట్టూ పూల అంచు, నడుమ మామ. నుదుటి మీదికి నెట్టిన కళ్లద్దాలు, భుజాన తువ్వాల, చేతిలో కుంచె. కింద ‘తప్పిపోయారు’ అని పెద్ద అక్షరాలు, మా ఫోన్ నంబరు. గీస్తున్నంతసేపూ ముక్కు చీదుకుంటూనే ఉన్నాను. అందరూ అది జలుబు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

చివరికి కళ్ల దగ్గరికి వచ్చాను. కుంచె ముంచాను, ఎత్తాను, మళ్లీ పెట్టేశాను. మామ లేని ఇంట్లో మామ బొమ్మకు కళ్లు తెరవడం నా వల్ల కాలేదు. నేను మొండిదాన్నే గాని మరీ అంత మొండిదాన్ని కాదు. రెండు తెల్లటి చోట్లు అలాగే వదిలేసి అచ్చు వేశాను. ప్రింటరులో ఎరుపు అయిపోవచ్చింది, అందుకని ఇంగిలీకం కాస్తా పలచబడి అచ్చయింది.

పోస్టర్లు అతికించడానికి నేనూ అత్తా బయలుదేరాం. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి అత్త ఎక్కని బస్సు లేదు, దిగని ఊరు లేదు, కాబట్టి ఆమెకు దారులన్నీ తెలుసు. నా చేతిలో పోస్టర్ల కట్ట, ఆమె చేతిలో మైదా ఉడికించిన బకెట్టు. కండక్టరు బకెట్టు దగ్గర ఆగాడు.

“దీనికి టికెట్ తీసుకోవాలె అవ్వా.”

“బకెట్ ఎవల్ది?”

“నీదే గద.”

“మరి నేను ఆడదాన్నే గద.”

కండక్టరు ముందు సీటుకు వెళ్లిపోయాడు. మేము జనగామ స్టేషను గోడ నుంచి మా ఊరి దాకా దారిపొడుగునా అతికించుకుంటూ వచ్చాం.

ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట. కళ్లు లేని తాత దొరికాడని. బొమ్మలో కళ్లు తెరవలేదని, మామకు చక్కగా కనబడుతుందని చెప్పి చెప్పి ఉపేందర్ గొంతు పోయింది. అయినా ఆశ ఉంటుంది కదా, జనగామ స్టేషను నుంచి ఎవరో గట్టిగా చెబితే వెళ్లాడు. అక్కడ గోడ నీడన కంజిర వాయిస్తూ పాడే మల్లేశం అనే గుడ్డి పాటగాడు కూర్చుని ఉన్నాడు. ఉపేందర్ సంగతంతా చెప్పాడు. మల్లేశం శ్రద్ధగా విన్నాడు.

“మీ నాయినను కాదు గని, మీ ఇంట్ల ఇయ్యాల కూరేంది?”

ఉపేందర్‌కు కాదనడం రాదు. వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త ముందు తిట్టి, తర్వాత వడ్డించింది. మల్లేశం పచ్చిపులుసు రెండోసారి పోయించుకుంటూ తీరిగ్గా చెప్పాడు.

“మీరు బొమ్మ అతికిచ్చిన గోడకాడనే నేను కూసునేది. మొన్న ఒకాయన వచ్చి ఆ బొమ్మను మస్తు తిట్టిండు.”

“ఏమని తిట్టిండు?” అన్నాను.

“ముక్కు పెట్టరాదు, మీసం పెట్టరాదు, మల్ల బొమ్మలెందుకు గీసుడు అని. ఇది ఇంగిలీకమా, టమాట తొక్కా అన్నడు. తర్వాత శానాసేపు గీకుడు సప్పుడు వచ్చింది.”

అత్త చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. “మా ముసలోడే” అంది. మల్లేశం గిన్నెలోకి పచ్చిపులుసు మూడోసారి, అడగకుండానే పోసింది.

వెంటనే జనగామ వెళ్లాం. స్టేషను గోడ మీద నా పోస్టరు నా పోస్టరులా లేదు. పలచటి ఎరుపు మీద అసలైన ఇంగిలీకం దట్టంగా ఎక్కింది. ముక్కు తీరు మారింది. మీసానికి మెలి వచ్చింది. ఒక మూల ఊడిపోతే మళ్లీ అతికించి ఉంది. గోటితో గీకి చూశాను, మైదా కాదు, చింతగింజల జిగురు. పక్కన ఉన్న సినిమా పోస్టర్లన్నీ దాని ముందు వెలిసిపోయి ఉన్నాయి. నాకు ముందు ఏడుపు వచ్చింది. మనిషి బతికే ఉన్నాడు. కళ్లు తుడుచుకున్నాక ఒళ్లు మండిపోయింది. తప్పిపోయిన మనిషి తను తప్పిపోయిన పోస్టరును దిద్దుకుంటూ తిరుగుతున్నాడు గాని, దాని కిందే ఉన్న నంబరుకు ఒక్క ఫోన్ కొట్టడు.

బచ్చన్నపేటలో చూశాం. అక్కడా దిద్ది ఉంది. తువ్వాల మడతలు సరి చేసి ఉన్నాయి. ఆ తర్వాతి ఊళ్లో అంచు పూలకు రేకలు పెరిగాయి. వెళ్లిన ప్రతిచోటా పొద్దున్నే వచ్చి వెళ్లాడనో, ఇప్పుడే బస్సెక్కాడనో చెప్పారు. అన్నిచోట్లా అన్నీ దిద్దాడు, కళ్లు మాత్రం ముట్టుకోలేదు. ఆ రెండు తెల్లటి చోట్లు ఎలా వదిలానో అలాగే ఉన్నాయి.

“కండ్లెందుకు పెట్టలేదే?” అన్నాడు ఉపేందర్.

“నాకేం తెలుసు” అన్నాను. నిజంగానే తెలియదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మామ దేవుణ్ణయినా దాటి వెళ్లగలడు గాని తప్పుగా గీసిన బొమ్మను దాటి వెళ్లలేడు. మొదటి పోస్టర్లలో తప్పులు వాటంతట అవే వచ్చాయి. ఇప్పుడు కావాలని చేస్తాను. అత్తకు చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకుంది.

“కోడికి నూకలు చల్లినట్టు చల్లు. ఇంటిదాక చల్లు.”

ఆ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. పన్నెండేళ్లు సరిగ్గా గీయడానికి తిట్లు తిన్న చెయ్యి, తప్పు గీయమంటే మొరాయిస్తుంది. దూరపు ఊరికి చిన్న తప్పు, దగ్గరి ఊరికి పెద్ద తప్పు అని లెక్క పెట్టుకున్నాను. బచ్చన్నపేటలో అతికించిన కొత్త పోస్టరులో మామ ఎడమ చేతికి కుంచె ఇచ్చాను. దాని తర్వాత ఊళ్లో ఆరు వేళ్లు పెట్టాను. ఇంకాస్త ఇవతల పంచె అంచును తువ్వాలకు, తువ్వాల అంచును పంచెకు వేశాను. మా ఊరికి దగ్గరగా ఉన్న ముస్త్యాలలో ఛాయ హోటలు గోడకు అతికించిన బొమ్మలో మీసాన్ని తలకిందులుగా పెట్టాను. అది గీస్తుంటే నాకే భయమేసింది.

బచ్చన్నపేటలో కుంచె కుడి చేతికి మారింది. ఆరో వేలు మాయమైంది. అంచులు ఎక్కడివి అక్కడికి చేరాయి. మామ మా వైపే వస్తున్నాడు. ముస్త్యాల ఛాయ హోటలాయన ఫోన్ చేశాడు.

“అక్కా, మీ తాత ఈడనే ఉన్నడు. స్టూలెక్కి మీసం దిద్దుతుండు. ఊరోళ్లంత నిలబడి చూస్తున్నరు. వచ్చి తీస్కపోతరా?”

ఉపేందర్ చెప్పులు వేసుకున్నాడు. అత్త ఆపింది. “పట్టుకొస్తె మల్ల పోతడు. ఆయనంతట ఆయన గడప తొక్కాలె.” అని చెప్పి, తను మాత్రం తర్వాతి బస్సుకు ముస్త్యాల వెళ్లి, హోటలు వెనక గుమ్మంలోంచి బీపీ గోళీలు అందించి వచ్చింది. ఛాయతో పాటు ఇవ్వమని, ఎవరిచ్చారంటే హోటలు తరఫున అని చెప్పమని నేర్పింది. మామ అడిగాడట, ఈ హోటల్ల ఛాయకు గోళీ ఉత్తగిస్తరా అని. ఇస్తామన్నారట. మింగాడట.

ఇక మిగిలింది మా ఇంటి గోడ. ముస్త్యాల దాకా వచ్చిన మనిషి చేర్యాల రావడానికి, చేర్యాల వచ్చినా మా సందులోకి తిరగడానికి, మామూలు తప్పు చాలదు. గోడంత కాగితం అతికించి ఇంటిల్లిపాదినీ గీశాను. ముందు గదిలో కంప్యూటరు ముందు నేను, గడప మీద ఉపేందర్, వంటింటి గుమ్మంలో అత్త, వెనక గదిలో మామ. ఎవరికీ కళ్లు లేవు. అందరినీ తప్పు లేకుండా గీశాను, నా చెయ్యి ఇక తప్పు గీయనంది.

“అన్ని మంచిగనే ఉన్నయి, ఎందుకొస్తడు?” అంది అత్త. కాసేపు గోడ వంక చూసింది. “ఆడోళ్లకు పసుపు రంగు గద. నాకు రాచ్చసి రంగు వెయ్యి.”

“అత్తమ్మా, బజార్ల గోడ మీద.”

“వెయ్యవే. ఎట్ల రాడో నేను జూస్త.”

మా పటాల్లో ఆడవాళ్ల ఒంటికి పసుపు, రాక్షసులకు ముదురు నీలం. అత్తకు ముదురు నీలం వేశాను. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, అత్తను చూసి, నా వంక జాలిగా చూసి వెళ్లారు. అత్తాకోడళ్ల గొడవ ఇంత దూరం వచ్చిందా అని ఎదురింటావిడ ఉపేందర్‌ను ఓదార్చింది కూడా.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు పొద్దున్నే వాకిలి ఊడుద్దామని తలుపు తీశాను. గోడ ముందు మామ నిలబడి ఉన్నాడు. మనిషి కాస్త చిక్కాడు. మూట విప్పి, చిప్పలో పసుపు కలుపుకుని, అత్త ముఖానికి పూస్తున్నాడు. చుట్టూ ఏం జరుగుతోందో ఆయనకు పట్టలేదు. అత్త నన్ను పక్కకు నెట్టి, ఛాయ గ్లాసుతో వెళ్లి ఆయన వెనక నిలబడింది.

“ముందుగాల నన్నే దిద్దినవ్.”

మామ వెనక్కి తిరగలేదు. “నువ్వు రాచ్చసివే. నాకెరుక లేదా. గని రంగు రంగే.”

“ఛాయ చల్లారుతది.”

“గోళీ ఏది?”

అత్త కొంగు ముడిలోంచి గోళీ తీసి ఇచ్చింది. ఆయన మింగాడు. ఛాయ హోటలు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. మామే ముందు అన్నాడు.

“తప్పులు కావాల్నని చేసినవ్ గద పిల్లా.”

“అవును మామా. మొదటియి కాదు.”

“మొదటియి నాకెరుకనే. ఏడ్సుకుంట గీసినవ్. గీత వణికింది. తర్వాతయి వణకలే. ఆరో వేలు జూసిన, గోరుతోని సహా పెట్టినవ్. మంచిగున్నది. తీసేయబుద్ధి కాలే.” ఆయన కుంచె కడిగి చిప్ప అంచుకు తుడిచాడు. “గంత మంచిగ గీసెటిదానివి, కోడి కన్ను ఎందుకు అతికిచ్చినవే?”

“నువ్వు నాకు కండ్లు తెరిసుడు నేర్పలే గద మామా.”

ఆ మాట ఎన్నేళ్ల నుంచో నా గొంతులోనే ఉంది. కోపంగా అందామనుకున్నాను, తీరా ఏడుపులా వచ్చింది. ఉపేందర్ గడప మీద నుంచి కిందికి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి అదే మొదటిసారి.

“జనగామ నుంచి ఈడిదాక అన్ని దిద్దినవ్” అన్నాను ముక్కు తుడుచుకుని. “నీ కండ్లు మాత్రం అన్నిట్ల అట్లనే ఇడిసిపెట్టినవ్. ఎందుకు?”

మామ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. “నా కండ్లు నేనే తెరుసుకుంటనా? ఇంట్లోళ్లు తెరవాలె.” అని నల్లరంగు చిప్ప, సన్న కుంచె నా ముందుకు చాచాడు. “పట్టు. ముందుగాల యాడికి చూస్తుండో అనుకో. అనుకున్నంకనే చుక్క పెట్టు. కోడిని మాత్రం మతికి తెచ్చుకోకు.”

కుంచె తీసుకున్నాను. గోడ మీది మామ వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన యాడికి చూస్తుంటాడు? పటం వైపు పెడితే తేలిక. అత్త వైపు పెడితే అత్త సంతోషిస్తుంది. నేను ఇంకోటి అనుకున్నాను. అనుకున్నాక కుడి కన్ను పెట్టాను, ఎడమ కన్ను పెట్టాను. చీపురు ఎక్కడ పడేశానో కూడా గుర్తు లేదు.

మామ నుదుటి మీది అద్దాలు కిందికి దించుకుని, దగ్గరికి వెళ్లి, దూరం జరిగి, మళ్లీ దగ్గరికి వెళ్లాడు.

“ఎడమది జర పెద్దగైంది.”

“నీది ఎడమది పెద్దదే మామా.”

ఆయన అత్త వైపు తిరిగాడు. అత్త ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

“పెద్దదే” అంది. “నేను పెండ్లిసూపులల్లనే చూసిన. నువ్వు బాధపడ్తవని చెప్పలే.”

మామ చాలాసేపు గొణుక్కుంటూ నిలబడ్డాడు. తర్వాత గోడ మీద మిగిలిన మా ముగ్గురి తెల్లటి కళ్లను చూపించి, “మిగిలినయి గూడ నువ్వే కానియ్యి, నాకు ఆకలైతున్నది” అని, గడప తొక్కి లోపలికి నడిచాడు. అత్త ఆయన వెనకాలే వెళ్లింది. మామ తిన్నాక ఉపేందర్ ఆయన్ను మళ్లీ బయటికి పిలిచి, గోడ పక్కన నిలబెట్టి ఫోన్‌తో ఫోటో తీశాడు. ఠాణాలో ఇవ్వడానికి, దొరికాడని చెప్పాలి కదా.

ఆ ఫోటో ఇప్పుడు నా కంప్యూటరు పైన ఉంది. అందులో మామ కళ్లు మూసుకునే ఉన్నాడు. పక్కన గోడ మీది మామ మాత్రం వెనక గదిలోంచి, గడప దాటి, ముందు గదిలో పని చేసుకుంటున్న నా వైపే చూస్తున్నాడు.